బోరు నీళ్ళు, ఎర్రమట్టి ముద్ద: శ్రీకాకుళంలో ఒక ఇంటి పూలతోట కేసు

శ్రీకాకుళంలో కళింగపట్నం రోడ్డు వైపు ఒక కాలనీ. అందులో రిటైరైన మాస్టారి ఇల్లు. ఇంటి ముందు, పక్క సందులో, మేడ మీద కలిపి నూట యాభై దాకా కుండీలు. క్రోటన్లు, నూరువరహాలు, అగ్లోనీమాలు, అడీనియంలు, గులాబీలు, మందారాలు, ఆంథూరియంలు, ఫెర్న్‌లు, కాగితం పూలు, గన్నేరు, డ్రసీనాలు, స్నేక్ ప్లాంటు, ఇంకా ఆ ఇంట్లో ఎవరికీ పేరు తెలియని తీగలు కొన్ని. ఎండలు ముదిరాక వీటిలో మూడో వంతు ఒకదాని తర్వాత ఒకటి పాడవడం మొదలైంది. నన్ను పిలిచేటప్పటికి రోహిణి కార్తె నడుస్తోంది.

అప్పటికే చేయని వైద్యం లేదు. పురుగనుకుని ఒక మందు కొట్టారు, తెగులనుకుని ఇంకో మందు కొట్టారు. డీఏపీ గుళికలు, ఎప్సమ్ సాల్టు, వాడేసిన టీ పొడి, కోడిగుడ్డు పెంకుల పొడి, ఉల్లితొక్కల నీళ్ళు, ఎవరు ఏది చెబితే అది వేశారు. పొద్దున, సాయంత్రం రెండు పూటలా పైపుతో నీళ్ళు పడుతూనే ఉన్నారు. "రోజూ పోస్తన్నాను కదా బాబూ, మరెందుకిలా ఎండిపోతన్నాయో" అన్నారు అమ్మగారు. ఆవిడ గొంతులో బాధ నాకు బాగా తెలుసు. నిర్లక్ష్యం వల్ల పాడైన తోటయితే బాగుచెయ్యడం సులువు. శ్రద్ధగా చూసుకుంటున్న తోట పాడవుతోందంటే, ఆ శ్రద్ధలో రోజూ చేసే ఏదో ఒక పనే దాన్ని దెబ్బతీస్తోందన్నమాట. అదేమిటో పట్టుకోవాలి.

ఇలాంటి ఇళ్ళలో అందరూ ముందు చచ్చిన మొక్కలు చూపిస్తారు. నేను బాగున్నవి చూపించమంటాను. ఒకే రకం మొక్కలున్న తోటలో ఈ వీలుండదు, పోతే అన్నీ పోతాయి. రకరకాల మొక్కలున్న ఇంట్లో మాత్రం నీళ్ళు అవే, ఎండ అదే, చూసుకునే చెయ్యి అదే. అయినా కొన్ని నవనవలాడుతూ, కొన్ని మాడిపోతుంటే కారణం ఆ తేడాలోనే ఉంటుంది. రకాలు ఎక్కువైతే చాకిరీ ఎక్కువని చాలామంది భయపడతారు కానీ, జబ్బు కనిపెట్టడానికి ఆ రకాలే పెద్ద సాయం.

ఈ ఇంట్లో బాగున్నవి ఇవి: గన్నేరు, కాగితం పూలు, స్నేక్ ప్లాంటు, పిట్టగోడ మీద టేబుల్ రోజ్. పాడైనవాటిలో నూరువరహాల చిగురాకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా మిగిలాయి. గులాబీ, ఆంథూరియం, ఫెర్న్ ఆకుల అంచులు కాలినట్టు గోధుమరంగుకి తిరిగాయి. డ్రసీనా కొసలు ఎండాయి. ఇంతవరకూ రాసుకుంటేనే ఒక గీత కనిపించింది. బాగున్న నాలుగూ ఉప్పు తట్టుకునే జాతులు. అంచులు మాడినవన్నీ ఉప్పు ఓర్చుకోలేనివి. తెగులుకి ఈ లెక్క తెలియదు, పురుగుకి అంతకన్నా తెలియదు.

క్రోటన్లు, అడీనియంలు ఆ గీతలో ఇమడలేదు. క్రోటన్లు ఆకులన్నీ రాల్చి కర్రలు మిగిలాయి. అడీనియంల దుంప మెత్తబడి, నొక్కితే వేలు దిగుతోంది. కాబట్టి కారణం ఒక్కటి కాదని అప్పుడే అనిపించింది.

నీళ్ళు

నా సంచిలో ఎప్పుడూ నీటిలో కరిగిన ఉప్పు కొలిచే టీడీఎస్ పెన్ను ఒకటి, నీరు పులుపో క్షారమో చెప్పే పీహెచ్ కాగితాలు ఉంటాయి. పెన్ను ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. మొక్కల మీద వేలు ఖర్చుపెట్టే ప్రతి ఇంట్లోనూ ఒకటి ఉండాలని గట్టిగా చెబుతాను. బోరు నీళ్ళలో పెడితే 1,350 పీపీఎం, అంటే లీటరుకు సుమారు అన్ని మిల్లీగ్రాముల ఉప్పు, వచ్చింది. మున్సిపల్ కుళాయి నీళ్ళు 180. ఏసీ పైపు నుంచి బకెట్లో పడే నీళ్ళు 20 లోపే. బోరు నీటి పీహెచ్ 8 దాటింది.

1,350 అంటే మాస్టారికి పెద్ద అంకెలా అనిపించలేదు. మనిషి తాగే నీటికి మన దేశ ప్రమాణం లీటరుకు 500 మిల్లీగ్రాములు, వేరే దిక్కు లేనిచోట 2,000 దాకా ఒప్పుకుంటారు. ఆయన ఆ లెక్కన ఆలోచించారు. కానీ మనిషి ఒంట్లోంచి ఉప్పు బయటకి పోయే దారులున్నాయి. కుండీలో పోసిన నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మాత్రం ఉండిపోతుంది. రోజుకో లీటరు పోసి, అడుగు నుంచి ఏమీ కారనివ్వకపోతే నెలకి 40 గ్రాముల ఉప్పు ఆ కాస్త మట్టిలో చేరుతుంది. గచ్చు పాడవుతుందని ఈ ఇంట్లో కుండీలన్నిటికీ కింద ప్లేట్లు పెట్టారు. కారిన కాసిని నీళ్ళూ ప్లేట్లో నిలిచి, మళ్ళీ వేళ్ళకే అందుతున్నాయి. ఒక నూరువరహాల కుండీలో బాగా నీళ్ళు పోసి, అడుగు నుంచి కారిన నీళ్ళు పట్టి కొలిస్తే 3,000 దాటింది.

కుండీల అంచున తెల్లటి పొర కట్టింది. దాని మీద వంటింటి వెనిగర్ రెండు చుక్కలు వేయించాను. బుసబుసా పొంగింది. అది సున్నం జాతి ఉప్పు, కార్బొనేట్లు. నూరువరహాలు కొంచెం పులుపు నేల కోరే మొక్క. సున్నం పేరుకుని మట్టి క్షారమైతే, అందులో ఇనుము ఎంత ఉన్నా వేరు దాన్ని తీసుకోలేదు. ఆ పసుపు రంగుకి ఇదే కారణం. పైపెచ్చు అదే కుండీలో గుడ్డు పెంకుల పొడి వేశారు, అదీ సున్నమే. డీఏపీలో భాస్వరం ఎక్కువైనా ఇనుము అందడం ఇంకా కష్టమవుతుంది. మొక్క పసుపెక్కిన కొద్దీ ఎరువు పెంచారు, ఎరువు పెరిగిన కొద్దీ ఉప్పు పెరిగింది.

ఆంథూరియంల సంగతి వేరు. అవి వంటింటి గుమ్మం పక్కన నీడలో ఉన్నాయి, బోరు నీళ్ళు పోయట్లేదు. మరి అంచులెందుకు మాడాయి? అమ్మగారు వాటికి ప్రత్యేకంగా ఆర్వో మిషను వదిలే నీళ్ళు పోస్తున్నారు, ఫిల్టరు నీళ్ళు కదా అని. ఆర్వో మిషను మంచి నీళ్ళు ఒక పైపులోకి పంపి, వేరుచేసిన ఉప్పునంతా రెండో పైపులో వదులుతుంది. ఆ రెండో పైపు నీళ్ళు కొలిస్తే 1,900. ఈ నీళ్ళు మొక్కలకి పోసే అలవాటు చాలా ఇళ్ళలో చూస్తున్నాను. బోరు నీళ్ళున్న ఇంట్లో ఆ నీళ్ళు గచ్చు కడగడానికి, బాత్రూముకి వాడుకోండి. ఆంథూరియం, ఆర్కిడ్, ఫెర్న్ దరిదాపులకి మాత్రం రానివ్వకండి.

ఎర్రమట్టి ముద్ద

ఆకులు రాల్చిన క్రోటన్ ఒకటి కుండీ నుంచి తీశాను. కుండీ పైన వేలు పెడితే తడి. పక్కల నుంచి కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొట్టు, వదులుగా, తడిగా రాలిపోయింది. మధ్యలో కొబ్బరికాయంత ఎర్రమట్టి ముద్ద, నర్సరీ నుంచి వచ్చినప్పుడు సంచిలో ఎలా ఉందో అలాగే ఉంది. ఏడాది దాటినా వేళ్ళు ఆ ముద్ద చుట్టూ తిరిగాయే తప్ప, బయట కోకోపీట్‌లోకి నాలుగైదు కూడా రాలేదు. చాకు మొనతో ముద్దని పగలగొడితే లోపల ఇటుక ముక్కలా గట్టిగా, పొడిగా ఉంది. మొక్క వేళ్ళన్నీ అందులోనే ఉన్నాయి. రెండు పూటలా పోసిన నీళ్ళు ముద్ద పక్క నుంచే జారి అడుక్కి పోయాయి.

మన వైపు నర్సరీల్లో అమ్మే మొక్కల్లో ఎక్కువ భాగం కడియం ప్రాంతం నుంచే వస్తాయి. లారీలో అంత దూరం వచ్చినా ముద్ద విరగకుండా ఉండాలంటే బంక ఉన్న మట్టి కావాలి, కాబట్టి వాళ్ళు పెట్టే మట్టి వాళ్ళ పనికి సరైనదే. ఇంటికొచ్చాక దాన్ని అలాగే తీసుకెళ్ళి కోకోపీట్ మధ్యలో పెట్టడంతోనే తంటా వస్తుంది. సన్న మట్టి, గుల్ల మిశ్రమం ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటే నీళ్ళు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి సాఫీగా పోవు. ముద్ద ఒకసారి పూర్తిగా ఎండితే బిగుసుకుని నీళ్ళు పీల్చుకోదు. వానాకాలంలో తడిస్తే ఆ తడి బయటకి వదలదు. అందుకే అదే క్రోటన్ వేసవిలో ఎండిపోతుంది, శ్రావణంలో కుళ్ళిపోతుంది. ఎండిన మొక్క చూసి నీళ్ళు పెంచుతారు, కుళ్ళిన మొక్క చూసి మందు కొడతారు. ముద్ద విప్పి చూసేవాళ్ళు తక్కువ.

కుండీ అడుగున గులకరాళ్ళు, పెంకులు పరిచే అలవాటూ ఈ కోవలోదే. రాళ్ళు పరిస్తే నీరు బాగా దిగుతుందనుకుంటారు. నిజానికి మట్టి నిండా తడిస్తేనే గాని నీరు రాళ్ళలోకి దిగదు, ఆ తడి మట్టి పొర వేళ్ళకి ఇంకా దగ్గరగా పైకొస్తుంది. చిల్లు మూసుకుపోకుండా ఒక పెంకో, వల ముక్కో పెడితే చాలు, మిగతా అంతా మట్టి మిశ్రమమే ఉండాలి. ఈ ఇంట్లో అడీనియం కుండీల్లో మూడు వేళ్ళ మందాన గులకరాళ్ళు, వాటి మీద ఉత్త కోకోపీట్, రోజూ రెండు పూటలా నీళ్ళు. అడీనియం ఆఫ్రికా, అరేబియా ఎండు నేలల మొక్క. ఆ దుంప నీళ్ళు దాచుకోవడానికే ఉంది. దానికి ఇంత తడి అక్కర్లేదు.

ఏం చేశాం

రోహిణిలో ముద్దలు విప్పొద్దని చెప్పాను. అంత ఎండలో వేరు కదిలిస్తే బతికేవి కూడా పోతాయి. అప్పటికి చేసినవి ఆపడాలే: ఎరువు బంద్, మందు బంద్, గుడ్డు పెంకులు బంద్, కుండీల కింద ప్లేట్లు తీసెయ్యడం, ఆర్వో నీళ్ళు ఆపడం. క్రోటన్లని తూర్పు వైపు సందులోకి మార్చి, ఒక్కో కుండీని బకెట్ నీళ్ళలో ముంచి బుడగలు ఆగేదాకా ఉంచమన్నాను. ముద్దలోకి నీరు దిగడానికి అదొక్కటే దారి. మెత్తబడిన అడీనియంలలో రెండింటిని కుళ్ళు దాటి గట్టి కండ తగిలేదాకా చాకుతో కోసి, కోసినచోట బూజు మందు పొడి అద్ది, మట్టి లేకుండా నీడలో ఆరబెట్టాం. మిగతావి అప్పటికే చెయ్యిదాటిపోయాయి.

ఆ తర్వాత కుండీల మీద రంగు చుక్కలు పెట్టించాను. ఈ కేసులో అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చిన పని ఇదే. అప్పటిదాకా మొక్కలు అందం చూసి అమర్చారు, ఎర్రాకు పక్కన పచ్చాకు, పొట్టి వెనక పొడుగు. పైపు పట్టుకుని ఒక చివర నుంచి ఇంకో చివరకి వెళ్ళే పనమ్మాయికి అన్నీ ఒకటే. ఇప్పుడు దాహాన్ని బట్టి, నీటి రకాన్ని బట్టి మార్చాం. ఎరుపు చుక్క ఉంటే బోరు నీళ్ళు పర్వాలేదు, పైమట్టి ఆరాకే పొయ్యాలి: గన్నేరు, కాగితం పూలు, స్నేక్ ప్లాంటు, టేబుల్ రోజ్. కాగితం పూలు కాస్త దాహంతో, మంచి ఎండలో ఉంటేనే పూస్తాయి, నీళ్ళెక్కువైతే ఆకే. తెలుపు చుక్కకి మంచి నీళ్ళు మాత్రమే: నూరువరహాలు, గులాబీ, ఆంథూరియం, ఫెర్న్, డ్రసీనా, అగ్లోనీమా. పసుపు చుక్క అడీనియంలకి, వేలు లోపలికి గుచ్చి పొడిగా తగిలితేనే నీళ్ళు. క్రోటన్, మందారం మధ్యరకం, వాటికి కుళాయి, బోరు మార్చి మార్చి. పనమ్మాయి రెండో రోజుకే ఎవరూ చెప్పకుండా చేసుకుపోయింది.

మృగశిరలో వానలు మొదలయ్యాక తెలుపు చుక్క కుండీలన్నీ ఆకాశం కింద పెట్టించాను. నీడ మొక్కల్ని మబ్బు రోజుల్లోనే బయటపెట్టి, ఎండొస్తే లోపలికి. ఉప్పు కడగడానికి వాన నీటిని మించింది లేదు. వాన సరిగా పడని వారంలో కుళాయి నీళ్ళతో కడిగాం: కుండీలో పట్టే నీళ్ళకి రెండు మూడింతలు, మెల్లగా, అడుగు నుంచి ధారగా పోయేలా. నూరువరహాల కుండీ నుంచి కారే నీళ్ళు ఆరుద్ర నాటికి 900కి దిగాయి.

అదే అదనులో ముద్దలు విప్పాం. ముద్దని ఒక పూట నానబెట్టి, వెదురు పుల్లతో, సన్నటి నీటి ధారతో బయటి భాగం మూడో వంతు మాత్రమే వదిలించాం. చుట్టుకుపోయిన వేళ్ళు కత్తిరించాం. మొత్తం మట్టి ఒకేసారి కడిగేస్తే బలహీనంగా ఉన్న మొక్క తట్టుకోదు, మిగతాది మరుసటి ఏడాది. కొత్త మిశ్రమం అన్నిటికీ ఒకటే కాదు. క్రోటన్లకి అదే ఎర్రమట్టి ఒక వంతు, ముతక ఏటి ఇసుక ఒక వంతు, బాగా చివికిన గెత్తం (పశువుల ఎరువు) ఒక వంతు. పాత మట్టి, కొత్త మట్టి ఒకే తీరుగా ఉంటేనే వేరు బయటకి వస్తుంది. అగ్లోనీమాలకి కోకోపీట్, వర్మీకంపోస్టు, మాగబెట్టిన ఊక. అడీనియంలకి సగానికి పైగా ముతక ఇసుక, ఇటుక ముక్కలు, కొంచెం బొగ్గు. ఇసుక ఏటిదే అయ్యుండాలి, సముద్రపు ఒడ్డుది ఎంత తెల్లగా ఉన్నా వద్దు.

కోకోపీట్ గురించి ఒక మాట. ఉద్దానం కొబ్బరి పుణ్యమా అని మన జిల్లాలో పీచు పొట్టు సులువుగా దొరుకుతుంది. అందులో సహజంగానే పొటాషియం, సోడియం ఉప్పులు ఉంటాయి, ఉప్పునీటిలో నానిన పీచుదైతే ఇంకా ఎక్కువ. ఈ ఇంట్లో ఉన్న దిమ్మ నానబెట్టి పిండిన నీళ్ళు కొలిస్తే బోరు నీటి కన్నా ఎక్కువొచ్చింది. మంచి నీళ్ళలో నానబెట్టి పిండడం, రీడింగు 400 కిందకి వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ చేశాకే వాడాం.

నూరువరహాలకి లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఇనుము ఉండే ఉప్పు), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట, వారానికోసారి, మూడు సార్లు చిగుళ్ళ మీద కొట్టించాను. వేరుశనగ రైతులకి తెలిసిన మందే ఇది. ఆకు తాత్కాలికంగా పచ్చబడుతుంది, అంతే. మట్టి మారకుండా దీన్నే నమ్ముకుంటే జీవితాంతం కొడుతూ ఉండాలి. మాస్టారు ఒక మంచి ప్రశ్న వేశారు: బోరు నీళ్ళలోనే నిమ్మ ఉప్పు కలిపి పోస్తే సరిపోదా అని. నిమ్మ ఉప్పు నీటి క్షారం తగ్గిస్తుంది, నీటిలో ఉన్న ఉప్పుని తగ్గించదు. గులాబీ మాడేది ఆ ఉప్పుకే.

మందారం మీద పిండినల్లి ఉంది. దానికి కొత్త మందేమీ కొట్టలేదు. కాండం మీద చీమల బారు చూపించాను. పిండినల్లి వదిలే తీపి జిగురు కోసం చీమలు దాన్ని కాపు కాస్తాయి, దాన్ని తినే పురుగుల్ని దగ్గరికి రానివ్వవు. కుండీలని గోడకి, ఒకదానికొకటి తగలకుండా జరిపి, తెల్లగా ముద్దకట్టిన కొసలు కత్తిరించి, నీటి ధారతో కడిగి, లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త ద్రవ సబ్బు కలిపి సాయంత్రాలు కొట్టించాం. నత్రజని ఎరువు ఆగడంతో లేత చిగుళ్ళ జోరు తగ్గి, దానికి తిండీ తగ్గింది.

తుపాను సంగతి

మా జిల్లాలో తోట గురించి రాస్తూ అక్టోబరు గురించి రాయకపోతే సగమే రాసినట్టు. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడూ అక్టోబరు 11, 12 తేదీల్లోనే తీరం దాటాయి. తిత్లీ పలాస దగ్గర దాటింది, ఆ రోజు గురించి అమ్మగారు ఇప్పటికీ మాట్లాడలేరు, పుట్టింటివాళ్ళది ఉద్దానంలో కొబ్బరితోట. అందుకని పిట్టగోడ మీద ఏ కుండీ ఉన్నా వినాయకచవితి వెళ్ళాక కిందకి దించాలని రాసిచ్చాను. హెచ్చరిక వస్తే పొడుగు మొక్కల కుండీల్ని గాలి వచ్చే వైపుకి అడ్డంగా గోడ వారన పడుకోబెట్టడం, వేలాడే బుట్టలు లోపలికి. తుపాను వెళ్ళాక మొదటి పని ఎరువు కాదు, ఆకుల మీద నుంచి మంచి నీళ్ళతో కడగడం. గాలి తెచ్చిన సముద్రపు ఉప్పు ఆకు మీదే ఎండితే రెండు రోజుల్లో ఆకు కాలిపోతుంది. అప్పటికి కరెంటు ఉండదు, మోటారు తిరగదు. ఆ పూట అక్కరకొచ్చేది డ్రమ్ములో ఉన్న వాన నీళ్ళే.

ఫలితం

ఆశ్వయుజానికి క్రోటన్లలో ఎక్కువ భాగం మొదలు దగ్గర నుంచి చిగురేసి, కొత్త ఆకులు రంగు తిరిగాయి. నూరువరహాలు కార్తీకంలో గుత్తులు పెట్టాయి, పాత పసుపు ఆకులు మాత్రం రాలిపోయేదాకా అలాగే ఉన్నాయి. ఆ మొక్కల్లో అన్నిటికన్నా పాతదాన్ని బతికించలేకపోయాం, దాని వేరు అప్పటికే నల్లబడింది. కోసి ఆరబెట్టిన అడీనియంలలో ఒకటి వేరు పట్టింది. ఆంథూరియంలు నిలదొక్కుకున్నాయి. గులాబీలు సగానికి సగం పోయాయి. మళ్ళీ కొనమని నేను చెప్పలేదు.

ఎందుకంటే ఈ ఇంట్లో ఇక మిగిలిన ప్రశ్న మంచి నీళ్ళ లెక్క. మేడ పైకప్పు సుమారు 100 చదరపు మీటర్లు. 10 మిల్లీమీటర్ల వాన పడితే 1,000 లీటర్లు దిగుతాయి. మొదటి వానలో దుమ్ము, పిట్టల రెట్టలు కొట్టుకొస్తాయి కాబట్టి ఆ నీళ్ళు వదిలేసి, తర్వాతవి పట్టడానికి 1,000 లీటర్ల డ్రమ్ము పెట్టించారు, దోమలు గుడ్లు పెట్టకుండా మూతికి వల కట్టారు. తెలుపు చుక్క కుండీలు నలభై, కుండీకి అరలీటరు చొప్పున రోజుకు 20 లీటర్లు. వాన లేని రోజుల్లో డ్రమ్ము 50 రోజులొస్తుంది. ఏసీ నీళ్ళు ఏప్రిల్ దాకా రావు. ఆ మధ్యలో కుళాయి వచ్చే గంటలో పట్టుకున్న నీళ్ళతోనే నెట్టాలి. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాక, తెలుపు చుక్క కుండీలు నలభై దాటకూడదని మాస్టారు, అమ్మగారు ఒప్పుకున్నారు. కొత్తగా కొనే మొక్కలన్నీ ఎరుపు చుక్కవే. నెలకోసారి రెండు తెలుపు కుండీల నుంచి కారే నీళ్ళు కొలిచి, క్యాలెండరు మీద రాస్తున్నారు. 1,500 దాటిన నెలలో ఎరువు వెయ్యరు, ముందు కుండీ కడుగుతారు.